బేస్‌మెంట్ కిటికీ గోతికి మూత: కొనాలా, చేయించాలా, మనమే వెల్డింగ్ చేసుకోవాలా?

నేలమట్టానికి కింద ఉన్న మా బేస్‌మెంట్ కిటికీ బయటి గోతికి ఇనుప మూత బిగించిన రోజు సాయంత్రం అమ్మను బేస్‌మెంట్ గదిలోకి పంపి, కిటికీలోంచి బయటికి రమ్మన్నాను. కిటికీ తెరిచింది. కుర్చీ వేసుకుని గోతిలోకి దిగింది. నిచ్చెన మీద రెండు మెట్లెక్కి, అరచేతులు జాలీకి ఆనించి పైకి తోసింది. మూత ఒక అంగుళం లేచి మళ్లీ కూర్చుంది. ఇంకోసారి తోసింది. "నా వల్ల కాదురా" అంది. అదే మూతను ఉదయం నేను పెద్దగా కష్టపడకుండానే ఎత్తి గోతి మీద పెట్టాను. దాని బరువు 40 పౌండ్లు.

ఆ రాత్రి అమ్మకు పై అంతస్తులో పక్క వేశాం. తరువాతి శనివారం ఆ మూతను పక్కన పెట్టి, రెండు రెక్కలుగా కొత్తది చేశాను. దాన్ని ఎలా చేశానో చెప్పే ముందు, అసలు వెల్డింగ్ మూత ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం అన్నది తేల్చుకోవాలి. అమెరికాలో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లు చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఆగిపోవడం చూశాను.

ఈ గొయ్యి ఎందుకు ఉంటుంది

చలి ప్రాంతాల్లో పునాది, నేల గడ్డకట్టే లోతు దాటి కిందికి పోవాలి. అంత తవ్వాక ఆ జాగాలో బేస్‌మెంట్ కట్టేస్తారు. న్యూజెర్సీ, ఒహాయో, మిచిగన్, ఇలినాయ్ ఇళ్లలో అది మామూలే. డాలస్‌లో ఉండే బంధువులకు ఈ చింత లేదు, అక్కడి ఇళ్లకు బేస్‌మెంట్లు అరుదు. నేలమట్టానికి కింద ఉన్న కిటికీకి వెలుతురు, గాలి రావాలని గోడ బయట మట్టి తవ్వి, చుట్టూ ముడతల రేకో కాంక్రీటో నిలిపితే అదే విండో వెల్. బేస్‌మెంట్‌లో పడకగది ఉంటే ఆ కిటికీ నిప్పు అంటుకున్నప్పుడు ప్రాణాలతో బయటపడే దారి కూడా అవుతుంది. దాన్నే ఎగ్రెస్ విండో అంటారు.

వేసవికి వచ్చి ఆరు నెలలుండే అమ్మానాన్నలకు మనం ఇచ్చేది సాధారణంగా ఆ కింది గదే. మెట్ల దగ్గర పొగ కమ్మితే వాళ్లకు మిగిలే దారి ఆ గొయ్యి. పెరట్లో పరుగెత్తే మూడేళ్ల పిల్లకు అదే గొయ్యి నాలుగడుగుల లోతున్న ప్రమాదం. ఒకే మూత ఈ ఇద్దరినీ కాపాడాలి. ఎంపికలో ఉన్న చిక్కంతా ఇదే.

మన ఊళ్లలో కిటికీకి గ్రిల్లు బిగిస్తే అది కదలకూడదు. మేస్త్రీ వెళ్లే ముందు చువ్వలు పట్టుకుని ఊపి చూస్తాం. ఆ అలవాటు ఇక్కడికి తెచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మూత పైనుంచి బరువు మోయాలి, లోపలినుంచి తేలిగ్గా లేవాలి.

ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు, లోపలినుంచి తెరుచుకోవడం. అమెరికాలో చాలా రాష్ట్రాలు తమ మార్పులతో అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే ఇళ్ల నిర్మాణ నిబంధనావళిలో 310వ విభాగం (2024 ప్రతిలో 319వది) దీని గురించే. ఎగ్రెస్ కిటికీ మీద చువ్వలు, జాలీలు, మూతలు పెట్టుకోవచ్చు. కానీ తాళంచెవి, పనిముట్టు అవసరం లేకుండా, ఆ కిటికీని తెరవడానికి పట్టే బలం కన్నా ఎక్కువ బలం పెట్టకుండా, లోపలినుంచి వాటిని తీయగలగాలి. గొయ్యి కనీసం 9 చదరపు అడుగుల వైశాల్యంతో, పొడవు వెడల్పులు ఒక్కొక్కటి 36 అంగుళాలకు తగ్గకుండా ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెనో మెట్లో తప్పనిసరి. మీ టౌన్‌షిప్‌లో ఇంకా కఠినమైన నిబంధన ఉండవచ్చు కాబట్టి ఇనుము కొనే ముందు అక్కడి బిల్డింగ్ కార్యాలయానికి ఒక ఫోను చేయండి. టౌన్‌హౌస్ అయితే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా అడగండి.

రెండోది మోసే శక్తి. పచ్చిక కోసేవాడు చూసుకోకుండా కాలు వేస్తాడు, బంతి కోసం పిల్లవాడు దూకుతాడు. 220 పౌండ్ల మనిషి ఒక్క కాలి మీద నిలబడినా మూత వంగకూడదు. మూడోది సందు. మెట్ల రెయిలింగ్‌కు పాటించే 4 అంగుళాల హద్దునే ఇక్కడా పాటించండి, ఆ కొలత బంతి దూరకూడదు. కుక్కపిల్ల ఉంటే అదీ చాలదు.

ఆపైన వాన, ఆకులు, మంచు, వెలుతురు, తుప్పు. వీటిలో మంచు గురించి తరువాత చెబుతాను, దాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు.

దారులు

*ప్లాస్టిక్ మూత.* దుకాణాల్లో దొరికే పలుచని గుమ్మటం లాంటి మూతలు ఆకులనూ వాననూ ఆపుతాయి, అంతవరకే. ఎండకు రెండు మూడేళ్లలో పెళుసెక్కుతాయి. పిల్ల కాలు పడితే నిలవవు. దీన్ని రక్షణ మూత అని ఎవరైనా అంటే నమ్మకండి. గట్టి పాలీకార్బొనేట్‌తో, కింద అల్యూమినియం చట్రంతో, ఎంత బరువు మోస్తుందో రాసి అమ్మేవి వేరు. అవి తేలికగా లేస్తాయి, వెలుతురు వస్తుంది, తుప్పు లేదు. ధర ఎక్కువ. గొయ్యి ఆకారం వాళ్ల కొలతలకు సరిపోకపోతే ప్రత్యేకంగా చేయించుకోవాలి, అప్పుడు ఇంకా ఎక్కువ.

*రెడీమేడ్ ఇనుప జాలీ.* మోస్తుంది, పిల్లలను ఆపుతుంది. కానీ ఒకే ముక్కగా వస్తే బరువు చూసుకోండి. పట్టీల గ్రేటింగ్‌లో తేలికపాటి రకమే చదరపు అడుగుకు దాదాపు 5 పౌండ్లు. 40 అంగుళాల చదరానికి 55 పౌండ్లు దాటుతుంది. అది ఎగ్రెస్ కిటికీ మీద మూత కాదు, తాళం వేసిన తలుపుతో సమానం.

*స్థానిక ఫాబ్రికేటర్ చేత చేయించుకోవడం.* గొయ్యి వంకరగా ఉండి, మీకు వెల్డింగ్ రాకపోతే ఇదే మేలు. అతనికి గేట్లు, రెయిలింగ్‌లు అలవాటు, గట్టిగా చేస్తాడు. లోపలినుంచి ఎత్తాలన్న సంగతి మీరు చెప్పకపోతే అతనికి తట్టకపోవచ్చు. "రెండు రెక్కలు, ఒక్కో రెక్క 20 పౌండ్ల లోపు, తాళం కొక్కెం వద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

*అల్యూమినియం వెల్డింగ్.* ఇనుము బరువులో మూడో వంతు లోహం. వంగడంలో మాత్రం ఇనుము కన్నా మూడు రెట్లు మెత్తన, అందుకని మందమైన సెక్షన్లు వాడాలి. చివరికి సగం బరువు మిగులుతుంది. దీనికి టిగ్ వెల్డింగ్ యంత్రం, లేదా మిగ్ వెల్డింగ్ యంత్రానికి మెత్తటి తీగను అందించే స్పూల్ గన్, ఆర్గాన్ సిలిండర్, బాగా చేయి తిరిగి ఉండడం కావాలి. మొదటిసారి వెల్డింగ్ పట్టేవారు దీని జోలికి పోవద్దు. లోహం సరిగా కరిగి కలవని అతుకు పైకి చక్కగానే కనిపిస్తుంది, కాలు పడ్డాకే విడిపోతుంది.

*ఇంట్లో ఇనుము వెల్డింగ్.* చేయి తిరిగినవారికి ఖర్చు తక్కువ, కొలత మన గోతికి సరిగ్గా సరిపోతుంది, రెక్కలూ బందులూ మన ఇష్టం. తప్పు జరిగితే బాధ్యత కూడా మనదే.

| దారి | మనిషి బరువు | లోపలినుంచి ఎత్తడం | వాన, ఆకులు | తుప్పు | ఖర్చు |
|---|---|---|---|---|---|
| పలుచని ప్లాస్టిక్ | మోయదు | చాలా తేలిక | ఆపుతుంది | లేదు | బాగా తక్కువ |
| గట్టి పాలీకార్బొనేట్ | మోస్తుంది, రాసిన హద్దు మేరకు | తేలిక | ఆపుతుంది | లేదు | ఎక్కువ |
| రెడీమేడ్ ఇనుప జాలీ | మోస్తుంది | తరచు కష్టం | ఆపదు | పూతను బట్టి | మధ్యస్థం |
| ఫాబ్రికేటర్ పని | మోస్తుంది | మనం చెప్పినదాన్ని బట్టి | ఆపదు | పూతను బట్టి | ఎక్కువ |
| ఇంట్లో ఇనుము, రెండు రెక్కలు | మోస్తుంది, అతుకు బాగుంటే | తేలిక | ఆపదు | ఏటా చూసుకోవాలి | తక్కువ, యంత్రం ఉంటే |

వెల్డింగే అనుకుంటే: ఏ ఇనుము

ఇళ్లలో చేసేవారు మొదట చేయి వేసేది రీబార్ మీద, స్లాబులో వేసే మెలికల రాడ్డు మీద. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. నా సలహా: వాడవద్దు. మామూలుగా దొరికే ఏ615 రకం రాడ్డు వెల్డింగ్ కోసం చేసింది కాదు. దానిలో కార్బన్ ఎంత ఉండాలన్న కట్టడి లేదు, అతుకు పక్కన ఇనుము పెళుసుగా మారవచ్చు. వెల్డింగ్‌కు పనికివచ్చేది ఏ706 రకం, దాని ఒంటి మీద డబ్ల్యూ అక్షరం అచ్చయి ఉంటుంది. అది చిన్న దుకాణాల్లో తరచు దొరకదు.

బలం లెక్క కూడా రాడ్డుకు అనుకూలంగా లేదు. అరంగుళం రాడ్డు 40 అంగుళాల దూరం నడుమ ఆధారం లేకుండా సాగితే, 220 పౌండ్ల మనిషి బరువును మూడు రాడ్లు సమానంగా పంచుకున్నా ఒక్కొక్కటి శాశ్వతంగా వంగిపోయే హద్దు దాకా వెళుతుంది. అదే ఒక అంగుళం ఎత్తు, అంగుళంలో 3/16 మందం ఉన్న పట్టీని నిలువుగా, అంచు పైకి వచ్చేలా నిలబెడితే, అడుగు బరువు రాడ్డు కన్నా పిసరంత తక్కువ, వంపును తట్టుకునే కొలత రెండున్నర రెట్లు. అందుకే గ్రేటింగ్‌లన్నీ నిలువు పట్టీలతో చేస్తారు. పట్టీని అడ్డంగా పడుకోబెడితే ఆ లాభమంతా పోతుంది.

నా రెండో మూత లెక్క ఇది. గొయ్యి 36 అంగుళాల చదరం, మూత 40 అంగుళాల చదరం. ఇంటి గోడకు లంబంగా మధ్యలో చీల్చి రెండు రెక్కలు, ద్వారానికి రెండు తలుపుల్లాగా, ఒక్కొక్కటి 20 అంగుళాల వెడల్పు. చట్రం ఒకటిన్నర అంగుళాల యాంగిల్ (L ఆకారపు ఇనుము), ఎనిమిదో వంతు అంగుళం మందం. లోపల అంగుళం ఎత్తు, ఎనిమిదో వంతు మందం పట్టీలు, కేంద్రం నుంచి కేంద్రానికి 4 అంగుళాలు, అవి 20 అంగుళాల పొట్టి దూరాన్నే దాటుతాయి కాబట్టి ఆ మందం చాలు. ఒక్కో రెక్క 19 పౌండ్ల దాకా తూగుతుంది. బందులు బయటి అంచున ఉంటాయి కాబట్టి మధ్య అంచున ఎత్తడానికి దాదాపు అందులో సగం బలం పడుతుంది. నిచ్చెన ఉన్న వైపు బందులు పెట్టకండి. రెక్క నిట్టనిలువు దాటి పచ్చిక మీద పడుకోవాలి. గోడకు ఆనుకుని నిలబడితే గాలికి తిరిగి తల మీద పడుతుంది.

పసిపిల్లలు, కుక్కపిల్లలు ఉన్నవారు పట్టీలకు బదులు ఎక్స్‌పాండెడ్ మెటల్ జాలీ, అంటే రేకును చీల్చి సాగదీసి చేసిన జాలీ, వాడవచ్చు. ముప్పావు అంగుళం కన్ను, 9 నంబరు రకం చదరపు అడుగుకు 1.8 పౌండ్లు. నా మొదటి మూత ఆ జాలీతోనే చేసింది. కాలికి భద్రత ఎక్కువ, వెలుతురు కొంత తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. కోసిన అంచులు బ్లేడులా ఉంటాయి, వాటిని యాంగిల్ లోపలికి దాచి గ్రైండర్‌తో నునుపు చేయాలి.

యంత్రం, చోటు, జాగ్రత్త

ఈ మందాలకు ఇంట్లో ఉండే 120 వోల్టుల, 20 ఆంపియర్ల సర్క్యూట్‌తో నడిచే ఫ్లక్స్‌కోర్ యంత్రం, అంటే లోపల పొడి నిండిన తీగతో అతికే యంత్రం, చాలు. గ్యాసు సిలిండర్ అక్కర్లేదు, బయట గాలిలో కూడా పనిచేస్తుంది. నిప్పురవ్వలు, అతుకు మీద పేరుకునే స్లాగ్ పెచ్చు ఎక్కువ. గ్యాసు లేని ఈ తీగకు గన్ నెగటివ్‌లో ఉండాలి. కొత్త యంత్రం పెట్టెలోంచి తీసినప్పుడు అలా ఉందో లేదో చూసుకోండి. మా వీధిలో ఒకాయన రెండు వారాలు చెడ్డ అతుకులతో విసిగిపోయాక ఇదే కారణమని తేలింది. ఇనుము మీది నల్లటి పొరను అతుకు పడే చోట గ్రైండర్‌తో తెల్లగా తీయండి. నాలుగు మూలలా టాక్ (చిన్న తాత్కాలిక అతుకు) వేసి కర్ణాలు కొలవండి, రెండూ సమానంగా వచ్చాకే అసలు అతుకు. ఒకే మూల నుంచి వరుసగా పోకుండా ఎదురెదురు మూలల్లో వేయాలి, లేకపోతే చట్రం మెలి తిరిగి గోతి మీద కుర్చీలా ఊగుతుంది.

గోతిలోకి దిగి వెల్డింగ్ చేయవద్దు. పొగ అక్కడే నిలిచిపోతుంది, గ్యాసు వాడే యంత్రమైతే ఆర్గాన్ గాలి కన్నా బరువైనది కాబట్టి అడుగున చేరి ఊపిరాడనివ్వదు. కిటికీ చట్రం, గోడ పలకలు వినైల్ అయితే వేడికి కరుగుతాయి. మూత మొత్తం డ్రైవ్‌వే మీద చేసుకుని తెచ్చి బిగించండి. గ్యారేజీలోనే చేయక తప్పకపోతే పచ్చిక యంత్రం, పెట్రోలు డబ్బా, అట్టపెట్టెలు ముందు బయటికి. పని చోట్ల భద్రతా నియమాల్లో అంటుకునే వస్తువులకు 35 అడుగుల దూరం, పని ముగిశాక కనీసం అరగంట కాపలా అని ఉంటుంది. నేను గంట కూర్చుంటాను. రంపపు పొట్టులో దూరిన రవ్వ వెంటనే మండదు.

జింకు పూత ఉన్న ఇనుము మీద నేరుగా అతుకు వేయవద్దు. ఆ తెల్లటి పొగ పీలిస్తే సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు పట్టుకుంటాయి. ముడతల రేకు గోతి అంచు కూడా జింకు పూతదే, దానికి బోల్టులతో బిగించండి, అతికించవద్దు. నూనె మరకలు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అసలు వాడకండి. వెల్డింగ్ ఆర్క్ వెలుగుకు, వేడికి అది ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ముఖానికి 10 నంబరు అద్దం ఉన్న హెల్మెట్, దాని కింద పొగకు పనికివచ్చే మాస్కు, మెడ దాకా నూలు చొక్కా. పిల్లలు కిటికీలోంచి ఆర్క్‌ను చూడకుండా తెర వేయండి. కళ్లకు తగిలిన దెబ్బ అప్పుడు తెలియదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు లేపుతుంది.

పూత విషయంలో, వేడి జింకు స్నానం చేసే షాపు దగ్గరలో ఉంటే అదే ఉత్తమం. వెల్డింగ్ అంతా అయ్యాకే పంపాలి. చట్రానికి మూసిన గొట్టాలు వాడి ఉంటే వాటికి రంధ్రాలు పెట్టాలి, లోపల చిక్కిన గాలి, తేమ 450 డిగ్రీల సెల్సియస్ జింకులో పేలుతాయి. షాపు లేకపోతే జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్, పైన నల్ల రంగు రెండు పూతలు. నలుపు ఎందుకంటే లోపలినుంచి చూసినప్పుడు కంటికి అడ్డురాదు.

మంచు

జాలీ మీద తొలి మంచు కిందికి రాలిపోతుంది, తరువాత చువ్వల మధ్య వంతెనలా కడుతుంది. గొయ్యి సగం నిండితే కిటికీయే తెరుచుకోదు. మూసి ఉన్న మూత గోతిని పొడిగా ఉంచుతుంది, కానీ తడిమంచు చదరపు అడుగుకు 10 పౌండ్లే అనుకున్నా ఆ 11 చదరపు అడుగుల మీద 110 పౌండ్లు కూర్చుంటాయి. కింద ఉన్నది ఎవరైనా ఎత్తలేరు. నేను జాలీ రెక్కల మీద పలుచని పాలీకార్బొనేట్ షీట్లు, రెక్కకొకటి చొప్పున, క్లిప్పులతో పెట్టాను. రెక్కకు నాలుగు పౌండ్లు పెరిగింది. డ్రైవ్‌వే కన్నా ముందు ఆ మూత మీది మంచు తీస్తాను, తుఫాను ఉన్న రాత్రులు కింద ఎవరినీ పడుకోనివ్వం.

ఎవరికి ఏది

కింద పడకగది లేదు, గొయ్యి మోకాలి లోతే ఉంది, పిల్లలు లేరు అనుకోండి. తేలికపాటి పాలీకార్బొనేట్ చాలు, వెల్డింగ్ యంత్రం కోసం డబ్బు పెట్టవద్దు.

అమ్మానాన్నలు కింద ఉంటారు, మీకు వెల్డింగ్ రాదు. బరువు హద్దు రాసి ఉన్న గట్టి పాలీకార్బొనేట్ కొనండి. ధర చూసి వెనక్కి తగ్గి ఇనుప జాలీ వైపు పోకండి.

పసిపిల్లలు పెరట్లో ఆడతారు, కింద ఎవరూ పడుకోరు, కిటికీ ఎగ్రెస్ కాదు. అప్పుడు ఇనుప జాలీయే సరైనది. రెడీమేడ్‌దైనా, మీరు చేసినదైనా బరువు గురించి దిగులు లేదు.

పిల్లలూ, పెద్దలూ ఉన్నారు, గొయ్యి కొలత దేనికీ కుదరడం లేదు, మీకు అతుకు మీద నమ్మకం ఉంది. రెండు రెక్కల పట్టీ మూత చేసుకోండి. నమ్మకం ఉందో లేదో తేల్చుకోవడానికి, అదే ఇనుము ముక్కలు రెండు అతికించి, వైస్‌లో బిగించి సుత్తితో కొట్టి చూడండి. అతుకు విడిపోకుండా ఇనుము వంగితే ముందుకు వెళ్లండి. కమ్యూనిటీ కాలేజీల్లో సాయంత్రం వెల్డింగ్ తరగతులు ఉంటాయి, నేను నేర్చుకున్నది అక్కడే.

దొంగల భయంతో తాళం వేయాలనిపిస్తుంది. వేయకండి. లోపలినుంచి చేత్తో తీసే గొళ్ళెం పెట్టి, ఇంట్లో అందరికంటే బలహీనమైన మనిషి చేత రాత్రిపూట, దీపం లేకుండా తీయించి చూడండి. ఆ మనిషి తీయలేకపోతే మూత మార్చాలి.

రెండో మూత బిగించాక అమ్మ ఒక్క చేత్తో రెక్క తోసి పైకి వచ్చింది. వారం తిరిగేసరికి ఆ మూత మీద ఎండ బాగా పడుతోందని కొత్తిమీర కుండీ తెచ్చి పెట్టింది. దాన్ని తీసి వంటగది గుమ్మం పక్కన పెట్టాను. మీ ఇంట్లో కూడా ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి తెచ్చి పెడతారు. రోజూ చూస్తూ ఉండండి.